నల్ల తెర చూసి ఫార్మాట్ కొట్టకండి: ఆరేళ్ల లినక్స్ టెర్మినల్ అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చునే పని చేసుకుంటాను. ఆరేళ్లుగా లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటూ అనే లినక్స్, రోజూ తెరిచేది గ్నోమ్ టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే విండో. మొత్తమ్మీద తృప్తిగానే ఉన్నాను గానీ మొదటి ఏడాది ఒక్క విషయం మాత్రం బాగా ఏడిపించింది. టెర్మినల్ తెరిస్తే ఖాళీ విండో, అందులో పేరూ లేదు, డాలర్ గుర్తూ లేదు, ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. టెన్షన్‌లో ఒక ఆదివారమంతా కూర్చుని ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాను. చక్కగా తెరుచుకుంది. సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో దాచిన హోమ్ ఫోల్డర్ తిరిగి పెట్టుకున్నానో లేదో, మళ్లీ అదే ఖాళీ విండో!

అప్పుడు వెలిగింది, జబ్బు సిస్టమ్‌ది కాదు, నా ఫైళ్లదని. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే గ్రాఫిక్స్ లేని నల్ల తెర వస్తుంది కదా, అక్కడ లాగిన్ అయితే అక్కడా ఆగిపోయింది. అంటే విండో తప్పు లేదు, గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పూ లేదు. విసుగొచ్చి, నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్ సి కొట్టాను, ప్రాంప్ట్, అదే ఆ పేరూ డాలర్ గుర్తూ, వచ్చి కూర్చుంది.

సంగతేమిటంటే, మా బావకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, అక్కడి లెక్కల ఫైలు రోజూ నెట్ మీద నా దగ్గరికి కాపీ చేసుకునే ఆర్‌సింక్ కమాండ్‌ని నేనే తెలివిగా హోమ్ ఫోల్డర్‌లో ఉండే డాట్ బాష్‌ఆర్‌సి అనే సెట్టింగుల ఫైల్లో పెట్టుకున్నాను. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ బాష్, అంటే లోపల మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్, ముందు ఆ ఫైలు చదివాకే ప్రాంప్ట్ ఇస్తుంది. యార్డులో కరెంటు పోతే అవతలి కంప్యూటర్ పలకదు, ఇవతల కనెక్షన్ కోసం రెండు నిమిషాలకు పైగా ఎదురుచూపు. నాకేమో అర నిమిషం కూడా ఓపిక లేక విండో మూసి ఇంకోటి తెరిచేవాణ్ని, అదీ అంతే! ఇప్పుడు ఆ లైను తీసేసి ఎలియాస్, అంటే ఆ కమాండ్‌కి ఒక పొట్టి పేరు, చేసుకున్నాను, కావాలన్నప్పుడే నడుస్తుంది. ఆర్‌సింక్‌కి అవతలి కంప్యూటర్‌తో కనెక్షన్ కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌కి కనెక్ట్ టైమవుట్ 5 సెకన్లు పెట్టాను, అంతలో పలక్కపోతే వదిలేస్తుంది.

ఇన్నాళ్లకి నేను చూసే గుర్తు ఒక్కటే: కొట్టిన అక్షరాలు తెర మీద పడుతున్నాయా లేదా. అక్షరాలు పడుతూ ఎంటర్‌కి ఏమీ జరగకపోతే లోపల ఏదో ఎదురుచూస్తోందన్నమాట, కంట్రోల్ సి కొట్టండి. అసలు అక్షరమే పడకపోతే చాలాసార్లు మీ చెయ్యి కంట్రోల్ ఎస్ మీద పడి ఉంటుంది. వర్డ్‌లో సేవ్ చేసే అలవాటు ఉన్నవాళ్లందరికీ ఇది తప్పదు. టెలిటైప్ యంత్రాల కాలంలో అవుట్‌పుట్‌ని ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది, కంట్రోల్ క్యూ కొడితే వదులుతుంది. జాగ్రత్త, షిఫ్ట్ కూడా కలిస్తే విండోనే మూసుకుపోతుంది. ఇంకోటి, ఈలోగా కోపంతో మీరు టైప్ చేసిందంతా వృథా పోదు, ఎంటర్ కొట్టి ఉంటే కమాండ్లుగా నడిచిపోతుంది. ఈ గోల వద్దనుకుంటే ఎస్‌టీటీవై మైనస్ ఐఎక్స్ఓఎన్ అనే లైను బాష్‌ఆర్‌సిలో పెట్టుకోవచ్చు.

మా బావ ఒకసారి ఫోన్ చేసి, "ఒరేయ్, ఏం కొట్టినా రావట్లేదురా, చచ్చిపోయింది ఇది" అన్నాడు. చూస్తే సుడో, అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది, పాస్‌వర్డ్ అడుగుతోంది. అక్కడ మామూలుగా చుక్కలు కూడా కనబడవు బావా, గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కు అని చెప్పాను.

గ్రాఫిక్స్ కార్డుతో నడిచే కొత్త టెర్మినళ్లు డ్రైవర్ తేడా చేస్తే వట్టి ఖాళీగా తెరుచుకుంటాయి, అందుకే ఎక్స్‌టెర్మ్ అనే పాతకాలపు టెర్మినల్ ఒకటి పక్కన ఉంచుకుంటాను, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ అక్కరకొస్తుంది.

గ్నోమ్ టెర్మినల్‌కి అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఇందులో ఎన్ని విండోలు తెరిచినా మామూలుగా వెనక నడిచే సర్వర్ ప్రాసెస్ ఒక్కటే, అది పడుకుంటే అన్నీ పడుకుంటాయి.