ఏఎస్2, వ్యాన్, ఎస్‌ఎఫ్‌టీపీ: మూడూ వాడాక నా అనుభవం

హైదరాబాద్‌లో ఉండి ఒక అమెరికా ఆహార సరఫరా కంపెనీకి ఈడీఐ పని, అంటే ఆర్డర్లు, ఇన్వాయిస్‌ల వంటి డాక్యుమెంట్లను నిర్ణీత రూపంలో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పంపే పని చూస్తున్నాను. ఆ డాక్యుమెంట్లు వెళ్లే దారులే ఏఎస్2, వ్యాన్, ఎస్‌ఎఫ్‌టీపీ. 11 ఏళ్లయింది. అక్కడి రిటైల్ చైన్ల నుంచి 850, అంటే పర్చేజ్ ఆర్డర్, మాకు వస్తుంది. సరుకు బయల్దేరిందని 856, తర్వాత ఇన్వాయిస్‌గా 810 మేం పంపుతాం. 856 లారీ కంటే ముందే చేరాలి. ఆలస్యమైతే చాలా చైన్లు చార్జ్‌బ్యాక్, అంటే మా బిల్లులో జరిమానా కోత, వేస్తాయి. అందుకే ఏ కనెక్షన్ చూసినా నేను ముందు అడిగేది ఒకటే: అర్ధరాత్రి "మీ ఫైల్ రాలేదు" అని ఫోన్ వస్తే నా చేతిలో ఏ రుజువు ఉంటుంది?

నేను చేరినప్పుడు అంతా వ్యాన్ మీదే నడిచేది. వ్యాన్ అంటే వాల్యూ యాడెడ్ నెట్‌వర్క్. మన డాక్యుమెంట్ దాని మెయిల్‌బాక్స్‌లో పెడితే పార్ట్‌నర్, అంటే మనతో వ్యాపారం చేసే కంపెనీ, మెయిల్‌బాక్స్‌కు అదే చేరుస్తుంది. ఒక్క కనెక్షన్‌తో ఎంతమందినైనా అందుకోవచ్చు, ఆ సుఖం నిజమే. కానీ మా బిల్లు కిలోక్యారెక్టర్ల లెక్కన, అంటే వెయ్యి అక్షరాలకు ఇంత చొప్పున వచ్చేది. అట్టపెట్టె అట్టపెట్టెకూ వివరాలుండే 856 ఎంత పొడవో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. ఖర్చు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక రాత్రి జరిగిన సంగతి. మా వ్యాన్, పార్ట్‌నర్ వ్యాన్ వేరు. మధ్యలో ఒక 856 ఆగిపోయింది. మేం ఇచ్చేశామని మా వ్యాన్ వాళ్లు, మాకు అందలేదని పార్ట్‌నర్ వ్యాన్ వాళ్లు. తెల్లవారే దాకా తేలలేదు.

ఆ తర్వాత పెద్ద పార్ట్‌నర్లందరినీ ఏఎస్2కి మార్చాం. వాల్‌మార్ట్ 2002లోనే తన సరఫరాదారులను ఈ దారికి రమ్మంది. 2005లో ఏఎస్2 ఆర్‌ఎఫ్‌సీ 4130 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. ఇంటర్నెట్ మీదుగా మన సర్వర్ నుంచి నేరుగా వాళ్ల సర్వర్‌కు, సంతకంతో, ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తుంది. అవతలి నుంచి ఎండీఎన్ అనే రసీదు వస్తుంది. వాళ్లకు అందింది మనం పంపిందేనని, అక్షరం కూడా మారలేదని దాంట్లోని హ్యాష్, అంటే ఫైల్ నుంచి లెక్కగట్టిన గుర్తు, చెబుతుంది. రసీదుకు వాళ్ల సంతకం కూడా ఉంటుంది. ఒకసారి 856 రాలేదని వేసిన చార్జ్‌బ్యాక్‌ను, ఎండీఎన్ చూపించాక వెనక్కి తీసుకున్నారు.

అయితే ఎండీఎన్ వచ్చింది కదా అని కళ్లు మూసుకోకూడదు. ఫైల్ చేరిందని, తెరుచుకుందని మాత్రమే దాని అర్థం. లోపలి డాక్యుమెంట్ నిర్మాణం సరిగ్గా ఉందని చెప్పేది 997, అంటే దాన్ని చూశాక అవతలివాళ్లు తిరిగి పంపే డాక్యుమెంట్. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఈ తేడా చెబుతాను.

ఏఎస్2లో అసలు టెన్షన్ సర్టిఫికెట్లది, అంటే సంతకం ఎవరిదో సరిచూసుకునే, గడువుండే డిజిటల్ ఫైళ్లది. ఒక పార్ట్‌నర్ సర్టిఫికెట్ మారుస్తున్నట్టు మెయిల్ పెట్టారు. అది ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌కి వెళ్లింది. శనివారం రాత్రి నుంచి వాళ్ల కొత్త సంతకాన్ని మా సర్వర్ ఒప్పుకోలేదు. ఆదివారమంతా ఒక్క ఆర్డర్ లోపలికి రాలేదు. ఇప్పుడు అందరికీ కలిపి ఒకే మెయిల్ ఐడీ, గడువుకు 60 రోజుల ముందే హెచ్చరిక. సర్వర్ పగలూ రాత్రీ నడవాలి, ఫైర్‌వాల్‌లో వాళ్ల ఐపీలు తెరవాలి. ఈ పనికి మనిషి లేని చోట ఏఎస్2 వద్దనే చెబుతాను. ఇంకో మాట: పెద్ద ఫైళ్లకు ఎండీఎన్‌ను అసింక్రనస్‌గా, అంటే తర్వాత వేరే కనెక్షన్‌లో వచ్చేలా, పెట్టుకోండి. రసీదు కోసం కనెక్షన్ ఎదురుచూస్తూ తెగిపోతే ఫైల్ మళ్లీ వెళ్తుంది. అది కొత్త మెసేజ్ ఐడీతో వెళ్తే, అవతల ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

ఒక సర్వర్‌లో భద్రంగా ఫైళ్లు పెట్టి, తీసుకునే ఎస్‌ఎఫ్‌టీపీ చిన్న పార్ట్‌నర్లకు సులువు. లాగిన్‌కు కీ ఇస్తే ఒక పూటలో పని మొదలవుతుంది. రసీదు మాత్రం ఉండదు. పైగా, మేం ఇంకా రాస్తుండగానే వాళ్ల ప్రోగ్రామ్ సగం ఫైల్ తీసుకుపోయిన రోజులున్నాయి. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది.

ఈ నెల ఒక చిన్న షాపుల చైన్ ఎస్‌ఎఫ్‌టీపీ అడిగింది. రెండు షరతులతో ఒప్పుకున్నాను. వాళ్లు పెట్టే ఫైళ్లకు కూడా తాత్కాలిక పేరు పద్ధతి పాటించాలి, మేం పంపిన ప్రతి డాక్యుమెంట్‌కూ 24 గంటల్లో 997 రావాలి. మొదటిదానికి వెంటనే సరే అన్నారు. రెండోది వచ్చే వారం టెస్టింగ్‌లో చూడాలి. అది కుదిరేదాకా వాళ్లను లైవ్‌లోకి తీసుకోను.