బెంగళూరులో ఇంటి ముందుకొచ్చే వెదురు కర్టెన్ల వాళ్ళతో జాగ్రత్త: ‘అడుగు నూటపది’ అంటే ఏ అడుగో ముందే తేల్చుకోండి

ఎండలు ముదరకముందే వరండాకి కాస్త నీడ ఏర్పాటు చేసుకోవాలని మీలో చాలామంది చూస్తుంటారు. ఆ తొందరలోనే నేను 13,000 రూపాయలు పోగొట్టుకున్నాను. ఇంకొకరికి ఇలా జరగకూడదని లెక్కలతో సహా రాస్తున్నాను.

మేముండేది కృష్ణరాజపురం వైపు. అద్దె ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్, వరండా పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ తలుపు దాకా వచ్చేస్తుంది. బెంగళూరు చల్లని ఊరని మనవైపు ఇంకా అనుకుంటారు గానీ, 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. వేసవికి అనంతపురం నుంచి మా అత్తయ్య వచ్చారు. సాయంత్రాలు ఆవిడ బయట కూర్చునేలా వరండాని సర్దాలనుకున్నాం. నీడకి కర్టెన్లు, నాలుగు కుండీలు, ఒక చాప, అన్నీ కలిపి 5,000 దాటకూడదని మావారూ నేనూ ముందే అనుకున్నాం.

ఒక గురువారం ఉదయం నలుగురు మనుషులు రెండు బళ్ళమీద వెదురు కర్టెన్ల చుట్టలు వేసుకుని మా వీధిలోకి వచ్చారు. ధర అడిగితే ‘అడుగు నూటపది, అక్కా’ అన్నారు. మా వరండా ముందువైపు 11 అడుగులు, పక్కవైపు 5 అడుగులు. పదహారు అడుగులకి 1,760 అవుతుందని మనసులో లెక్కేసుకుని సరే అన్నాను. వాళ్ళు చదరపు అడుగు అనలేదు. నేను అడగలేదు. మోసమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

నాకు ఆఫీసు మీటింగ్ ఉండి లోపలికి వెళ్ళాను. అత్తయ్య బయటే కూర్చున్నారు. పావుగంటలో గోడకి డ్రిల్లు పడుతున్న శబ్దం వినిపించింది. మీటింగ్ అయ్యి బయటికొచ్చేసరికి రెండు కర్టెన్లూ తగిలించేసి, వాటిమీద బ్రష్‌తో ఏదో పూస్తున్నారు. వాటర్‌ప్రూఫ్ పాలిష్ అన్నారు. ‘వేయమంటారా అమ్మా’ అని అత్తయ్యని అడిగారట. అది కూడా ధరలో భాగమే అనుకుని ఆవిడ తలూపారు.

తర్వాత చిన్న కాగితం మీద లెక్క రాసి ఇచ్చారు. ముందువైపు 12 ఇంటూ 8, పక్కవైపు 6 ఇంటూ 8, మొత్తం 144 చదరపు అడుగులు. నూటపది చొప్పున 15,840. పాలిష్ అడుగుకి 15 చొప్పున 2,160. అంతా కలిపి 18,000. నాకు చేతులు చల్లబడిపోయాయి. వద్దు, తీసేయండి అంటే, కొలత ప్రకారం కోసిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు. నలుగురూ గేటు దగ్గర నిలబడి గొంతు పెంచారు. ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే. టెన్షన్‌లో బేరమాడి 13,000కి ఒప్పించి ఫోన్‌లో డబ్బు పంపేశాను.

ఐదు వేలు తగ్గించారని ఆ క్షణంలో కాస్త ఊరట కూడా కలిగింది. సాయంత్రం మావారు వచ్చి టేపు పెట్టి కొలిస్తే తగిలించినవి 11 ఇంటూ 7, 5 ఇంటూ 7. అంటే 112 చదరపు అడుగులే. లేని 32 అడుగులకి 3,520 రూపాయలు వేశారు. బేరంలో వాళ్ళు వదులుకున్నదాంట్లో ఎక్కువ భాగం అసలు లేని కర్టెనే! కొలిచేటప్పుడు టేపు ఒక కొస ఒకడు పట్టుకుని, ఇంకొకడు అంకెలు పైకి అరిచాడని, ఆ టేపు తన చేతికి ఇవ్వనేలేదని అత్తయ్య తర్వాత చెప్పారు.

సరుకైనా బాగుందా అంటే అదీ లేదు. ఏప్రిల్ చివర్లో మామిడి జల్లు ఒకటి పడింది. పాలిష్ అన్నది రంగునీళ్ళే. గోధుమరంగు చారలు తెల్లగోడ మీద నుంచి కింద బండల దాకా కారాయి. నెల తిరక్కుండా కర్టెన్ కింద సన్నటి పసుప్పచ్చ పిండి రాలడం మొదలైంది. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, పురుగు దానికోసమే తొలుస్తుంది. అందుకే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన వెదురు వాడాలి. తమ ఊళ్ళో పందిళ్ళకి వాడే వెదురుని వారాల తరబడి చెరువులో నానేసేవాళ్ళని అత్తయ్య అన్నారు. ఆ మాట అంటూనే, తనవల్లే ఇదంతా జరిగిందని బాధపడ్డారు. రెండు రోజులు ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. డబ్బు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

వాళ్ళిచ్చిన నంబరు స్విచ్ఛాఫ్. డబ్బు వెళ్ళిన ఖాతా పేరు వేరే ఎవరిదో. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే అమ్మినవాళ్ళ పేరు, బిల్లు అడిగారు. నా దగ్గరున్నది అంకెలు గీసిన చిత్తుకాగితం ఒక్కటే.

మీరు కొనాలనుకుంటే, ధర చెప్పగానే ‘చదరపు అడుగా, పొడవు అడుగా’ అని అడగండి. మీ టేపుతో మీరే కొలిచి, పాలిష్, కొక్కేలు, బిగింపు అన్నీ కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకునే దాకా గోడకి డ్రిల్లు పెట్టనివ్వకండి. తెల్లగుడ్డ తడిపి కర్టెన్ మీద రుద్దితే రంగు అంటుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. పుల్లల కొసల్లో పురుగు తొలిచిన సూదిమొనంత రంధ్రాలున్నాయా చూడండి. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటి పని అసలు మొదలుపెట్టనివ్వకండి. బెదిరిస్తే మొహమాటపడకుండా 112కి ఫోన్ చేయండి. ఆ రోజు నాకు ఆ ఆలోచనే రాలేదు.

వెదురే కావాలంటే శివాజీనగర్ దగ్గరి బ్యాంబూ బజార్‌కి ఒకసారి వెళ్ళి రండి. నేను ఆలస్యంగా వెళ్ళాను. అక్కడా చదరపు అడుగు లెక్కే, కానీ ముందే చెప్పారు, బిల్లు ఇస్తామన్నారు, ధర నేను ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. అప్పటికి నా దగ్గర డబ్బు లేక హార్డ్‌వేర్ షాపులో 75 శాతం ఎండని ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్ తెచ్చి గ్రిల్లుకి తాళ్ళతో కట్టాం. ఏడు వందల్లో అయిపోయింది, గోడకి ఒక్క మేకు కూడా పడలేదు. కుండలు చేసేవాళ్ళుండే పాటరీ టౌన్‌లో నాలుగు మట్టికుండీలు కొన్నాను. ఎదురింటి వాళ్ళిచ్చిన టేబుల్ రోజ్ కొమ్మలు వాటిలో గుచ్చాను. పడమటి ఎండకి అవి చక్కగా పూస్తున్నాయి. బియ్యం కడిగిన నీళ్ళే పోస్తున్నాను.

నిన్న పొద్దున్న మా వెనక వీధిలో ‘అడుగు నూటపది’ అన్న కేక మళ్ళీ వినిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. మనుషులు వేరు, పద్ధతి అదే. ఒక పెద్దావిడ గేటు తీసి వాళ్ళని లోపలికి పిలుస్తున్నారు. ఆవిడకి మన భాష రాదు, నాకొచ్చిన కన్నడంలో విషయం చెప్పాను. మా టేపు ఆవిడ చేతికిచ్చి, కొలత అయ్యేదాకా పక్కనే నిలబడ్డాను. మొత్తం ఎంతో రాసివ్వమని అడిగేసరికి వాళ్ళు చుట్టలు బండిమీద వేసుకుని వెళ్ళిపోయారు.