మారతహళ్ళిలో కటింగ్ చేసేవాళ్ళకి పనికొచ్చే తెలుగు మెస్

నాచురల్‌గా, అంటే స్టెరాయిడ్ల లాంటి మందులు వాడకుండా బాడీబిల్డింగ్ స్టేజ్ ఎక్కాలని కటింగ్‌లో (కండ పోకుండా కొవ్వు తగ్గించే డైట్‌లో) ఉన్న మనవాళ్ళ కోసమే ఈ రివ్యూ. బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జ్ దగ్గర పీజీల సందులో చిన్న మెస్, నెల్లూరు అక్క నడుపుతారు, మామూలు భోజనంతో పాటు ముందు చెప్తే డైట్ బాక్స్ కూడా కట్టిస్తారు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది తూకం. చాలాచోట్ల 200 గ్రాముల చికెన్ అంటారు గానీ పచ్చిదా వండిందా అంటే ఎవరూ చెప్పరు. చికెన్ బ్రెస్ట్ వండితే దాదాపు పావు వంతు బరువు పోద్ది, పచ్చి 100 గ్రాముల్లో 22-23 గ్రాముల ప్రొటీన్, వండిన 100లో 30 దాకా ఉంటది, అంటే పచ్చి తూకాన్ని వండిన లెక్కలో రాసుకుంటే రెండు పూటలకి 30 గ్రాముల ప్రొటీన్ ఎక్కువ తిన్నట్టు కనిపిస్తది, కడుపులోకి మాత్రం పోదు. ఈ అక్క పచ్చి ముక్కలు మన ముందే కాటా మీద పెట్టి, విడిగా చిన్న మూకుట్లో వండి, మూత మీద మార్కర్‌తో "పచ్చి 200, నూనె 5" అని రాసిస్తారు. ఆ నూనె లెక్కకైతే నిజంగా దండం పెట్టాలి. 70 కేజీలవాళ్ళు వారానికి అర శాతం తగ్గాలంటే రోజుకి 400 కేలరీల లోటు సరిపోద్ది, ఒక పెద్ద స్పూన్ నూనె 120 కేలరీలు, తాలింపులో మూడు స్పూన్లు పడితే ఆ రోజు కటింగ్ దాదాపు పోయినట్టే! మందులు వాడనోళ్ళకి కండ నిలబడేది సరిపడా ప్రొటీన్, నిద్ర, డైట్‌లో కూడా ఎత్తే బరువులు తగ్గించకుండా చేసే ట్రైనింగ్ వల్లే, అందుకే ఈ చిన్న లెక్కలు నాకు చాలా ముఖ్యం.

రుచి బానే ఉంటది, మిరియాలు వెల్లుల్లి దంచి వేస్తారు, మూడో రోజుకి కూడా మొహం మొత్తదు. కాళ్ళ వర్కౌట్ ఉన్న రోజు అన్నం ఎక్కువ కావాలంటే పెడతారు, కాకపోతే అన్నం మాత్రం గరిటె లెక్కే, కాటా మీద పెట్టరు, అది మారాలి. ఎగ్ వైట్స్ మరీ ఎక్కువ ఉడికించి రబ్బరులా చేస్తారు. పప్పు బాగుంటది గానీ దాన్ని ప్రొటీన్ కింద రాసుకోకండి, వండిన కప్పులో వచ్చేది తక్కువే.

బాక్స్ 140, మామూలు భోజనం 90. ఆ 50 తేడాకి వాళ్ళు పడే శ్రమ చూస్తే నాకు ఎక్కువ అనిపించలేదు. ఆదివారం రాత్రి మూసేస్తారు, ముందు రోజు రాత్రే అక్కకి ఫోన్ చేసి చెప్పండి, పొద్దున వెళ్ళి అడిగితే బ్రెస్ట్ దొరకదు.