సీజైన ఇంజిన్‌కు ఏది మేలు: ఆన్‌లైన్ వేలమా, గుజిరీనా, బోరింగా?

మే నెల ఎండలో మా బావ డిజైర్ డీజిల్ బండి కర్నూలు నుంచి వస్తూ పామిడి దాటాక ఆగిపోయింది. వాటర్ పంపు కారి కూలెంట్ అంతా పోయింది. ఎర్ర లైటు వెలిగినా, అనంతపురం ఇంకెంత దూరంలే అని తోలాడు. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చేసరికి ఇంజిన్ సీజ్, అంటే వేడికి లోపల బిగుసుకుపోయి తిరగడం మానేసింది. బాడుగలకు తిప్పే బండి, కంతులు ఇంకా తీరలేదు. ఆ రాత్రే ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ వేలం చూపించి, “నలభై వేలకే ఫుల్ ఇంజిన్ పోతాంది, పాట పాడేదా?” అన్నాడు. “రెండు రోజులు ఆగు బావా” అన్నాను. ఆన్‌లైన్ వేలం, గుజిరీ (పాత బండ్ల విడిభాగాల బజారు), ఉన్న ఇంజిన్‌కే బోరింగ్ (సిలిండర్లను లోపల కోసి సాపు చేయడం): ఈ మూడింటి మీద ఆ రెండు రోజులూ షెడ్డు, లేత్ షాపు, ఆర్టీఓ ఆఫీసు తిరిగాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

పైకి చూస్తే వేలమే చవక. కానీ పాట ధర దగ్గర లెక్క ఆగదు. ముందు ధరావతు కట్టాలి. జీఎస్టీ 18 శాతమైతే నలభై వేల పాట 47,200 అవుతుంది. గడువులోపల సరుకు ఎత్తుకోకపోతే గ్రౌండ్ రెంట్ పడుతుంది. వంద కిలోలు దాటే ఇనుము కాబట్టి లారీ బాడుగ, ఎత్తి దించే కూలి వేరే. అన్నిటికంటే బరువైనది షరతుల్లో ఉండే ఒక్క మాట: ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్న చోటనే’. తెచ్చుకుని విప్పాక క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) పాడై కనిపించినా అడిగే దారి ఉండదు.

వేలాలన్నీ ఒకటి కావు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో ప్రభుత్వ శాఖల పాత బండ్లు వస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు ‘టోటల్ లాస్’ (బాగు చేయించడం గిట్టదు) అని తేల్చిన బండ్లు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతాయి. వీటికి కాగితాలుంటాయి, పాటకు ముందు సరుకు చూసుకునే అవకాశం ఉంటుంది. ఆ రోజు మెకానిక్‌ను వెంటబెట్టుకుని పోలేకపోతే పాట జోలికే పోవద్దు. వెనక దెబ్బ తిన్న బండి ఇంజిన్ వేరు, ముందు గుద్దిన బండి ఇంజిన్ వేరు. నాకు ఎక్కువ భయం వరద బండ్లంటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో అందరం చూశాం. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొడితే సిలిండర్‌లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది ఫొటోలో కనపడదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల బురద గీత, ఆల్టర్నేటర్ మీద తెల్లటి పొడి, డిప్‌స్టిక్‌కు పాలకాఫీ రంగు ఆయిల్ ఉన్నాయేమో దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది.

మా బావ చూపించింది అసలు ఈ రకం వేలమే కాదు. మూడు ఫొటోలు, ఒక వాట్సాప్ నంబరు, ఐదు వేలు యూపీఐ చేస్తే ఆపి పెడతామనే మాట. బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ) మీది ఇంజిన్ నంబరు ఫొటో పంపమంటే జవాబు లేదు. అలాంటి చోట డబ్బు ఇప్పటికే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నంబరు గురించి ఇంత పట్టుపట్టడానికి కారణముంది. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో సుమారు 900 ఇంజిన్లు చోరీ అయ్యాయని 2025లో కేసు నమోదైంది. అది మన పక్కనే. చోరీ సొత్తని తెలిసి, లేదా అలా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే కొన్నవాడిదీ నేరమే. నంబరు గీకేసి ఉన్నా, మళ్లీ కొట్టినట్టున్నా ఎంత చవకైనా వదిలేయండి.

బెంగళూరు శివాజీనగర్ గుజిరీ, కడప వాళ్లకైతే చెన్నై పుదుపేట, వేలం కంటే నాకు నమ్మకం. అక్కడ పాతవన్నీ మంచివని కాదు, డబ్బిచ్చేముందు ఇంజిన్‌ను చెవితో వినొచ్చని. చల్లగా ఉన్న ఇంజిన్‌నే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెడితే అరిగిన ఇంజిన్ కూడా బాగానే పలుకుతుంది. ఆయిల్ మూత తీసి, బిగించకుండా ఆ నోటిమీదే ఊరికే పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుమంటుంటే మెకానిక్‌లు చెప్పే ‘బ్యాక్ కంప్రెషన్’ అదే, రింగులు పోయినట్టు. కంప్రెషన్ కొలిచే గేజి పెట్టించగలిగితే నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా చూపించాలి. ఒకటి బాగా తగ్గితే బేరం మానుకోండి.

డిజైర్‌లోని 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ ఫియట్ డిజైన్. ఇండికా విస్టాలో, పుంటోలో కూడా ఈ రకమే వచ్చింది. అలాగని దానిది తెచ్చి దీనిలో పెడితే నేరుగా పని చేయదు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), వైరింగ్, మౌంటింగులు కలవాలి. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి దొరికేదల్లా పాతదే. అదే మోడల్ బండిలోంచి తీసిందే అడగండి.

మూడో దారి మన ఊళ్లోనే ఉంది. ఉన్న ఇంజిన్‌ను విప్పించి, బ్లాకు, క్రాంక్, హెడ్ లేత్ షాపులో కొలిపించడం. బోరింగ్, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ గాస్కెట్ అన్నీ కలిపితే ఖర్చు ఒక్కోసారి గుజిరీ ఇంజిన్‌ను దాటుతుంది, రోజులూ పడతాయి. అయినా నా ఓటు మొదట దీనికే. లోపల ఏం వేశారో కళ్లారా చూస్తాం. పైగా ఇంజిన్ నంబరు ఉండేది బ్లాకు మీద, బ్లాకు మనదే కాబట్టి నంబరు మారదు.

నంబరు మారితే వచ్చే పని చిన్నది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి ఆర్‌సీలో రాయించుకోవాలి. లేకపోతే బండి అమ్మేటప్పుడు, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోయినప్పుడు, అన్నిటికంటే ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ అడిగినప్పుడు చిక్కు. అందుకే గుజిరీలో కొన్నా, వేలంలో పాడినా జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించుకోండి. ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్‌సీ కాపీ కూడా తీసుకోండి. ఏ కాగితాలు కావాలో డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

బ్లాకు పగిలితేనో, క్రాంక్ పనికి రాకపోతేనో గుజిరీ తప్పదు. మా బావ బండికి ఆ అవసరం రాలేదు. రెండు సిలిండర్లలో గీతలు పడ్డాయి, హెడ్ వంగింది, క్రాంక్ మాత్రం బతికింది. బోరింగ్ చేయించి, వాటర్ పంపు కొత్తది వేయించి పదకొండో రోజు బండి బయటికి తీశాం. ఆర్‌సీలో అక్షరం మార్చాల్సిన పని పడలేదు.