డిఫెండర్ పేరుతో ఒక జెర్సీ: బీసెంట్ రోడ్డు పక్క సందులోని ప్రింటింగు దుకాణం

మా అబ్బాయిని స్కూలు ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా నిలబెట్టినప్పటి నుంచి, గోల్ కొట్టే అవకాశమే రాదని వాడు ముఖం ముడుచుకుని తిరుగుతున్నాడు. అందుకని పుట్టినరోజుకు పోర్చుగల్ జెర్సీ మీద ఆ దేశపు డిఫెండర్ జోసె ఫోంటె పేరు, 4వ నంబరు అచ్చు వేయించాలని విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. గోడ నిండా రొనాల్డో 7వ నంబరు జెర్సీలే వేలాడుతున్నాయి. నేను ‘ఫోంటె’ అనగానే కంప్యూటరు ముందున్న కుర్రవాడు తల ఎత్తకుండానే, “ఏ ఫాంటు కావాలి సార్?” అని అడిగాడు. అక్షరాల తీరు గురించి అంటున్నాననుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఆ పేరు మన ఊళ్లో ఎంతమందికి తెలుసు గనుక!

ప్రింటు అయ్యేలోపు ఆ కుర్రవాడికి ఫోంటె కథ చెప్పాను. 1983లో పోర్చుగల్‌లోని పెనఫియెల్‌లో పుట్టిన ఈయన స్వదేశంలో చిన్నా పెద్దా క్లబ్బులెన్నో తిరిగి, 2007లో ఇంగ్లండుకు వెళ్లి క్రిస్టల్ ప్యాలెస్‌లో చేరాడు. 2010 జనవరిలో అక్కడి నుంచి ఒక మెట్టు దిగి, అప్పటికి మూడో అంచెలో ఉన్న సౌతాంప్టన్‌కు మారాడు. ఆ జట్టు 2011లోను, 2012లోను వరుసగా పై అంచెలకు ఎక్కి, అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఈయన వెంటే ఉన్నాడు. జాతీయ జట్టులో మొదటిసారి ఆడింది 2014 నవంబరులో, ముప్పై ఒకటో ఏడు నిండబోతుండగా. 2016 యూరో కప్పులో గ్రూపు మ్యాచులు మూడింటిలోనూ బయటే కూర్చున్నవాడు, క్రొయేషియాతో మ్యాచు నుంచి ఫైనల్ దాకా తోటి డిఫెండర్లు పెపె పక్కనో, బ్రూనో ఆల్వెస్ పక్కనో నిలబడ్డాడు. ఫైనల్లో ఫ్రాన్స్‌కు ఒక్క గోలూ దక్కలేదు. తరువాత ఆడిన క్లబ్బులు ఇంగ్లండులోని వెస్ట్ హామ్, చైనాలోని దాలియన్, ఆపైన ఫ్రాన్స్‌లోని లీల్. అక్కడ 37 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా 2020–21 లీగ్ టైటిల్ గెలిచాడు, అదీ పారిస్ జట్టు కంటే ఒక్క పాయింటు ఎక్కువతో.

ఇక పనితనం. వినైల్ అనే పలుచని ప్లాస్టిక్ రేకు మీద యంత్రం అక్షరాలు కోశాక, నడిమి ముక్కలను పట్టకారుతో ఏరి, హీట్ ప్రెస్ అనే వేడి యంత్రం కింద అదిమే తీరు చూడముచ్చటగా ఉంది. అయితే మొదటి జెర్సీ మీద పేరులోని చివరి ‘ఈ’ అక్షరం ఎగిరిపోయి, నిజంగానే ‘ఫాంట్’ అని పడింది. యజమాని వాదించకుండా మరో జెర్సీ తీసి, అదనంగా ఒక్క రూపాయి అడగకుండా మళ్లీ వేయించాడు. జెర్సీ, ప్రింటు కలిపి ఆరు వందలు. సన్నని రంధ్రాలున్న బట్ట కావడంతో మన ఎండలకు పనికివస్తుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. మూడో ఉతుకుకే 4వ అంకె కింది మూల లేచింది. జెర్సీని లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతకాలన్న సంగతి కొన్ననాడు ఎవరూ చెప్పలేదు. మళ్లీ వెళ్లి అడిగితేనే చెప్పి, మూలను తిరిగి అతికించి ఇచ్చారు. అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. 2018 ప్రపంచ కప్పులో ఫోంటె వేసుకున్న 6వ నంబరు కూడా కావాలని అబ్బాయి అడుగుతున్నాడు. అక్కడికే తీసుకువెళతాను, స్పెల్లింగు మాత్రం ఈసారి కాగితం మీద రాసిస్తాను.