ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: ఇంట్లో కొంత కొంతగా మార్చుకోవడం మేలా, ఒకే పూటలో మొత్తం మార్పించడం మేలా?

ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు అడుగున ఉన్న ప్లగ్ విప్పితే పాత ఆయిల్ దాదాపు అంతా దిగిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో అలా జరగదు. మొత్తం 8 లీటర్లు పట్టే గేర్‌బాక్సు ప్లగ్ విప్పితే సాధారణంగా 3 నుంచి 4 లీటర్లే బయటికి వస్తుంది. మిగిలినదంతా ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ కడుపులోనూ, కూలర్‌లోనూ, దానికి వెళ్లే గొట్టాల్లోనూ, ఆయిల్‌ను కావలసిన క్లచ్‌కు మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లోనూ ఉండిపోతుంది. ఈ పనిని సొంతంగా చేసుకోవాలనుకునేవారిని తికమకపెట్టేది ఈ ఒక్క విషయమే. దిగినంత దించి, అంతే కొత్తది పోసి, కొన్నాళ్లకొకసారి మళ్లీ అలాగే చేయడం మేలా, లేక వర్క్‌షాపులో మెషిన్ పెట్టించి ఒకే పూటలో మొత్తం మార్పించడం మేలా? కూలర్ గొట్టం ఊడదీసి ఇంట్లోనే మొత్తం మార్చే మూడో దారి కూడా ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంట్లో చేసుకునేవారికి మొదటి పద్ధతే మేలు. అయితే ఆ మేలు కొన్ని షరతులకు లోబడి ఉంటుంది.

ముందుగా ఆ ఆయిల్ చేసే పనులేమిటో గుర్తుచేసుకోవాలి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని గేర్ల వైపు మోసుకుపోయేది అదే. వాల్వ్ బాడీ గుండా ఒత్తిడితో వెళ్లి క్లచ్ ప్లేట్లను నొక్కేది అదే. గేర్లకూ బేరింగులకూ కందెన అదే. లోపల పుట్టిన వేడిని కూలర్ దాకా తీసుకుపోయేది కూడా అదే. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా కలవాలో, కలిశాక ఎంత గట్టిగా పట్టాలో నిర్ణయించే రసాయనాలు కూడా అందులో కలిసి ఉంటాయి. వాడకంతో ఆ రసాయనాల బలం తగ్గిపోతుంది, వేడి ఆ తగ్గుదలను తొందరపెడుతుంది. మామూలుగా పనిచేసే వేడిని దాటిన తర్వాత ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో వాడే స్థూలమైన లెక్క. కొన్ని కార్ల మాన్యువళ్లలో కనిపించే ‘జీవితకాలం మార్చనక్కరలేదు’ అన్న మాటను ఈ లెక్క ఎదుట పెట్టి చదువుకోవాలి. ఎన్నో కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థ, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమనే చెబుతుంది.

ఇక పద్ధతుల లెక్క. 8 లీటర్లలో ఒకసారికి మూడున్నర లీటర్లు మారుతుందనుకుందాం. మొదటిసారికి గేర్‌బాక్సులో కొత్త ఆయిల్ 44 శాతం అవుతుంది. బండి కొంత తిప్పి, పాతదీ కొత్తదీ బాగా కలిశాక రెండోసారి మారిస్తే 68 శాతం, మూడోసారికి 82 శాతం, నాలుగోసారికి 90 శాతం. మూడుసార్లకు పదిన్నర లీటర్లు ఖర్చవుతుంది. నాలుగోసారి పోసే మూడున్నర లీటర్లతో దక్కేది ఎనిమిది శాతం మాత్రమే. అందుకే వెంటవెంటనే నాలుగైదుసార్లు మార్చడం ఆయిల్‌ను వృథా చేయడమే. మెషిన్ అయితే మొత్తం పరిమాణానికి ఒకటి రెండు లీటర్లు అదనంగా వాడి, దాదాపు అంతా మార్చేస్తుంది. ఒక్క పూటలో ఎంత మారిందన్నదే కొలబద్ద అయితే మెషిన్‌దే గెలుపు, అందులో సందేహం లేదు.

కాని గేర్‌బాక్సు ఒక్క పూటతో బతకదు. అదే మూడున్నర లీటర్ల మార్పును ప్రతి 30,000 కిలోమీటర్లకు ఒకసారి, ఏళ్ల తరబడి చేస్తూ పోయామనుకుందాం. లోపలి ఆయిల్ సగటు వయసు కొన్ని విడతల తర్వాత ఒక చోట నిలుస్తుంది: మార్చడానికి ముందు సుమారు 69,000 కిలోమీటర్లు, మార్చిన వెంటనే సుమారు 39,000 కిలోమీటర్లు. మెషిన్‌తో 90,000 కిలోమీటర్లకు ఒకసారి మొత్తం మార్పిస్తే ఆ వయసు సున్నా నుంచి బయలుదేరి 90,000 దాకా వెళ్తుంది. రెండింటికీ ఖర్చయ్యే ఆయిల్ ఇంచుమించు ఒక్కటే. మెషిన్ పద్ధతిలో మొత్తం కాలానికి సగటు వయసు కొంచెం తక్కువన్న మాట నిజం. ఇంటి పద్ధతిలో మాత్రం ఆయిల్ ఎన్నడూ పూర్తిగా అలసిపోయే దశకు చేరదు. గేర్‌బాక్సు తీరు ఒక్కసారిగా మారదు. పైగా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి యజమాని కళ్లతో ఆ ఆయిల్‌ను చూస్తాడు. ఈ చివరి లాభం లెక్కల్లోకి రాదు గాని, నా దృష్టిలో దానికి చాలా విలువ ఉంది. రంగు కాస్త ముదిరిందా, మాడిన వాసన వేస్తోందా, కూలర్‌లో లీకై నీళ్లు చేరినందువల్ల పాలు కలిసిన గులాబీ రంగులోకి తిరిగిందా అన్నది 90,000 కిలోమీటర్ల దాకా ఆగకుండానే తెలిసిపోతుంది.

ఇంటి పద్ధతికి అసలు పరీక్ష ఆయిల్ మట్టం దగ్గర ఎదురవుతుంది. తక్కువైతే పంపు గాలిని పీల్చి ఒత్తిడి పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి కాలుతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో ఉన్నది గాలి కాబట్టి ఫలితం దాదాపు మొదటిదే. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది గనుక ఏ వేడిలో కొలిచామన్నది చెప్పకుండా మట్టం గురించి మాట్లాడటంలో అర్థం లేదు. డిప్‌స్టిక్ (మట్టం చూసే గీతల పుల్ల) ఉన్న చాలా కార్లలో బండిని వేడెక్కించి, చదునైన నేల మీద నిలిపి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. హోండా కార్లు అనేకంలో మాత్రం ఇంజన్ ఆపాక నిమిషం నుంచి నిమిషంన్నర మధ్యలో చూడాలి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సుల్లో పక్కనో అడుగునో మట్టం చూసే ప్లగ్ ఒకటి ఉంటుంది. కారు కంపెనీ చెప్పిన వేడికి ఆయిల్ చేరినప్పుడు, ఇంజన్ నడుస్తుండగా దాన్ని విప్పితే, అదనంగా ఉన్నది సన్నని ధారగా కారి చుక్కలుగా ఆగిపోవాలి. ఆ హద్దు చాలావాటికి 30, 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో ఉంటుంది. చేతితో తాకి దాన్ని కనిపెట్టలేము. కారు కంప్యూటర్‌కు తగిలించి లోపలి వేడిని చదివే స్కానర్ కావాలి. ఆ స్కానర్ లేకపోతే, డిప్‌స్టిక్ లేని కారు విషయంలో పనిని వర్క్‌షాపుకే వదలమంటాను. దించిన ఆయిల్‌ను గీతల సీసాతో కొలిచి అంతే పోస్తే చాలదా అని అడుగుతారు. రాత్రంతా చల్లారిన బండి నుంచి దించి, అదే చల్లదనంలో ఉన్న కొత్త ఆయిల్ పోస్తే అది మంచి ఆరంభమే. కాని అంతకుముందున్న మట్టం సరైనదేనన్న నమ్మకం మీద నిలబడిన కొలత అది, చివరి తీర్పు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు డ్రెయిన్ ప్లగ్ విప్పి పాత ఆయిల్ దిగినంత దించిన తర్వాతే, పోసే ప్లగ్ తుప్పుతో బిగుసుకుపోయిందని కనిపెట్టాను. గేర్‌బాక్సు ఆయిల్ అంతగా దిగిపోయిన బండిని కదిలించలేము, పోయడానికి దారి లేదు. రెండు రోజులు అది స్టాండ్ల మీదే ఉండిపోయింది. అప్పటి నుంచి పోసే ప్లగ్‌ను ముందు వదులు చేసి చూడనిదే డ్రెయిన్ ప్లగ్ జోలికి వెళ్లను. ఏది ఏ ప్లగ్ అన్నది కూడా మాన్యువల్ బొమ్మతో సరిచూసుకోవాలి. ఇంజన్ ఆయిల్ ప్లగ్ అనుకుని గేర్‌బాక్సు ప్లగ్ విప్పి, ఇంజన్‌లో రెట్టింపు ఆయిల్, గేర్‌బాక్సులో చాలీచాలని ఆయిల్ మిగిల్చుకున్నవారు తక్కువేమీ కాదు.

మెషిన్ల విషయానికి వస్తే, అన్నీ ఒక రకం కావు. కూలర్ గొట్టానికి తగిలించి, గేర్‌బాక్సు సొంత పంపు ఎంత వేగంతో పాతదాన్ని బయటికి పంపుతుందో అంతే వేగంతో కొత్తదాన్ని లోపలికి ఇచ్చేవి ఒక రకం. ఇవి నమ్మదగినవే. ఒత్తిడి పెట్టి, కొన్నిసార్లు ఎదురు దిశలో తోసి, కడిగే రసాయనాలు కూడా కలిపి శుభ్రం చేస్తామనేవి మరో రకం. వీటిని నేను వద్దంటాను. అడుగున నిశ్శబ్దంగా కూర్చున్న మడ్డిని కదిలించి వాల్వ్ బాడీలోని ఇరుకు దారుల్లోకి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. వర్క్‌షాపులో అడగవలసిన ప్రశ్నలు మూడు: మెషిన్ ఏ రకం, అందులో ముందు కారు ఆయిల్ ఎంత మిగిలి ఉంటుంది, ఏ ప్రమాణం గల ఆయిల్ పోస్తారు. మూడింటికీ సూటిగా జవాబు వస్తే మంచి చేతుల్లో పెట్టినట్టే. ఎవరో పొరపాటున తగని ఆయిల్ పోసిన గేర్‌బాక్సుకు మెషిన్ మార్పే సరైనది. కొంత కొంతగా పలుచన చేసుకుంటూ వెళ్లే ఓపికకు అక్కడ చోటు లేదు.

కూలర్ నుంచి తిరిగి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, ఇంజన్ నడుపుతూ ఒకటి రెండు లీటర్లు సీసాలోకి పట్టి, ఆపి, అంతే పోసి, శుభ్రమైన ఎర్ర ఆయిల్ వచ్చేదాకా కొనసాగించడం మూడో పద్ధతి. డిప్‌స్టిక్ ఉన్న పాతకాలపు కార్ల మీద, ఇద్దరు మనుషులు ఉంటే, ఇది చక్కగా సాగుతుంది. ఒక్కరే చేయకూడదు, ఆపడం కొన్ని క్షణాలు ఆలస్యమైనా పంపు ఎండిపోతుంది. కొత్త కార్లలో ఆయిల్ తగినంత వేడెక్కేదాకా కూలర్ వైపు దారి తెరవని వాల్వ్ ఉండటం మామూలే కాబట్టి, గొట్టం నుంచి ఏమీ రాకపోతే కంగారుపడి ఇంకేదో విప్పే ప్రమాదం కూడా ఉంది. వీటన్నిటి దృష్ట్యా అలవాటు లేనివారికి దీన్ని సిఫారసు చేయలేను.

ఫిల్టర్ సంగతి ఈ పద్ధతులన్నిటికీ అడ్డంగా నిలుస్తుంది. మెషిన్ పెట్టినా, ప్లగ్ విప్పినా, పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) లోపలి ఫిల్టర్ మారదు. కొన్ని కార్లలో పాన్ విప్పితే ఫిల్టర్ చేతికందుతుంది. జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సులు కొన్నింటిలో ప్లాస్టిక్ పాన్, ఫిల్టర్ కలిసి ఒకే భాగంగా ఉంటాయి, మొత్తం మార్చాలి. మరికొన్ని గేర్‌బాక్సుల్లో దాన్ని అందుకోవాలంటే గేర్‌బాక్సునే విడదీయాలి, కనుక ఆ ఆలోచన మానుకోవాలి. అందేచోట రెండు మూడు మార్పులకొకసారి పాన్ విప్పడం మంచిదని నా అభిప్రాయం. పాన్‌లో ఉండే అయస్కాంతాల మీద మెత్తని బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంటే అది మామూలు అరుగుదల. ముక్కలో, పెళుసు రేకులో, ఇత్తడి మెరుపో కనిపిస్తే ఆయిల్ మార్పుతో తీరే జబ్బు కాదది. బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన కొద్దిపాటి బిగువుకే, టార్క్ రెంచ్‌తో బిగించాలి. బలంకొద్దీ బిగిస్తే పాన్ అంచు వంగి కారడం మొదలవుతుంది.

ఎన్నడూ మార్చని గేర్‌బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే పాడవుతుందన్న భయం గట్టిగా నాటుకుపోయి ఉంది. అది పూర్తిగా నిరాధారం కాదు, పూర్తిగా నిజమూ కాదు. గేర్లు సాఫీగా పడుతూ, ఆయిల్ ముదురు రంగులో ఉన్నా మాడువాసన లేకపోతే, ప్లగ్ విప్పి ఒక విడత మార్చి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మరో విడత మార్చడం నెమ్మదైన, సురక్షితమైన దారి. అలాంటి బండికి మెషిన్ కంటే ఇదే మేలు. అప్పటికే గేర్లు జారుతున్న బండిలో క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. దానికి ఏ ఆయిల్ పోసినా ప్లేట్లు తిరిగి రావు. మార్చిన వారం రోజులకు అది ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది.

పద్ధతి ఏదైనా, పోసే ఆయిల్ తప్పితే అన్నీ తప్పినట్టే. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1 వంటి ఆయిల్ ప్రమాణాలు ఒకదానికొకటి బదులు వాడేవి కావు; మాన్యువల్‌లో ఏ ప్రమాణం ఉందో సీసా మీద అదే ఉండాలి. సీవీటీకి (విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకానికి) సీవీటీ ఆయిల్, డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల) గేర్‌బాక్సుకు దాని ఆయిల్. వీటిలో మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) పోయకూడదు. అలాగే జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. నాలుగు స్టాండ్ల మీద బండి చదునుగా, కదలకుండా నిలిస్తేనే మట్టమూ సరిగ్గా తెలుస్తుంది, ప్రాణమూ భద్రంగా ఉంటుంది. దించిన ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, వాడిన నూనెలు తీసుకునే చోట ఇవ్వాలి. ఒక్క చుక్క కూడా నేలలోకో కాలువలోకో పోనివ్వకూడదు.

కాబట్టి డిప్‌స్టిక్ గాని స్కానర్ గాని చేతిలో ఉండి, గేర్‌బాక్సు ఆరోగ్యంగా ఉంటే, ఇంట్లోనే 30,000 లేదా 40,000 కిలోమీటర్లకొకసారి మూడున్నర లీటర్లు మార్చుకుంటూ వెళ్లండి. ఆ రెండూ లేకపోయినా, లోపల తగని ఆయిల్ ఉందని తేలినా, మంచి మెషిన్ ఉన్న వర్క్‌షాపుకు వెళ్లండి. ఇంట్లో చేసినప్పుడు కిలోమీటర్ల అంకె, తేదీ, దించినది ఎన్ని లీటర్లు, పోసినది ఎన్ని లీటర్లు, మట్టం చూసినప్పటి వేడి ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసి మాన్యువల్‌లో పెట్టుకోండి. పని అయిన మర్నాడు ఒకసారి, వారానికి మరోసారి, ప్లగ్ చుట్టూ వేలితో తడిమి తడి ఉందేమో చూడండి.