జీసీఎస్, ఫోర్ స్కోర్: నర్సింగ్ విద్యార్థులకు ఏది మేలు?

క్లినికల్ పోస్టింగులు మొదలైతే చాలు, వరంగల్ నర్సింగ్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, న్యూరో అసెస్‌మెంట్‌కు జీసీఎస్ ఒక్కటి వస్తే సరిపోతుందా, ఫోర్ స్కోర్ కూడా నేర్చుకోవాలా?"

రెండూ పేషెంట్‌కు స్పృహ ఎంత ఉందో కొలిచే స్కోర్లే, పాయింట్లు మీకు తెలిసినవే. 1974లో గ్లాస్గోలో పుట్టిన జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) కళ్లు తెరవడం (ఈ), మాట (వి), కదలిక (ఎం) చూస్తుంది, 3 నుంచి 15 వరకు ఉంటుంది. 2005లో మేయో క్లినిక్ నుంచి వచ్చిన ఫోర్ స్కోర్ 0 నుంచి 16. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడా అంతా పేషెంట్ మాట దగ్గరే ఉంది.

గొంతులో ట్యూబ్ ఉన్నవారికి జీసీఎస్‌లో మాట భాగం చూడలేం. అక్కడ వి1 (అసలు మాటే లేదు) వేస్తే తప్పు, ట్యూబ్ ఉందని తెలిసేలా 'టీ' అని రాయాలి. ఫోర్ స్కోర్‌లో ఆ చిక్కే లేదు. మాటకు బదులు బ్రెయిన్‌స్టెమ్ రిఫ్లెక్సులు (కంటిపాప వెలుతురుకు స్పందించడం లాంటివి), శ్వాస చూస్తుంది. వెంటిలేటర్ రేటుకు మించి పేషెంట్ సొంతంగా ఊపిరి తీస్తున్నాడా అన్నదానికీ అందులో పాయింటుంది. ఐసీయూలో దానిదే పైచేయి.

అయితే పత్తి పండే జిల్లాలు మనవి, పురుగుల మందు కేసులు వస్తూనే ఉంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ వల్ల కంటిపాపలు సూదిమొనంత అయిపోతే టార్చి వేసినా కదలిక సరిగా కనబడదు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కాక అవే పెద్దవవుతాయి. అలాంటప్పుడు ఫోర్ స్కోర్ తగ్గినా మెదడే దెబ్బతిందని అనుకోవద్దు. ఇచ్చిన మందు పేరు పక్కన రాయండి.

మాట్లాడగలిగే పేషెంట్‌కు మాత్రం నేను జీసీఎస్ వైపే. కానీ ప్రశ్న సరిగ్గా అడగాలి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన ముసలమ్మను "ఈ రోజు తారీఖెంత?" అని తెలుగులో అడిగి, చెప్పలేదని వి4 (అయోమయంగా మాట్లాడుతోంది) వేసేస్తే ఎలా? ఆమె ఇంట్లో లంబాడీలో మాట్లాడుతుంది, తారీఖులతో ఆమెకు పని లేదు. ఏ ఊరు, ఇప్పుడెక్కడున్నావు, బతుకమ్మ అయిపోయిందా ఇంకా రాలేదా అని అడగండి. వెంట వచ్చినవాళ్లతో ఆమె భాషలో అడిగించండి, జవాబు మాత్రం ఆమె నోటి నుంచే రావాలి. ఉర్దూ మాట్లాడేవారికీ, కోయవారికీ ఇదే పద్ధతి. ఈ ఓపిక లేకపోతే వి5 (మాట సరిగ్గా ఉంది) రావాల్సిన మనిషికి లేని అయోమయం అంటగట్టినట్టే.

ఏవీపీయూ (మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతాడా, నొప్పికి స్పందిస్తాడా, అసలు స్పందన లేదా అని చూసే పద్ధతి) అంబులెన్స్‌లో, క్యాజువాలిటీ గుమ్మం దగ్గర తొందరగా చూసుకోవడానికి. వార్డు చార్టుకు అది చాలదు. 2018లో వచ్చిన జీసీఎస్-పీ అంటే జీసీఎస్‌లోంచి, వెలుతురుకు స్పందించని కంటిపాపలకు ఒక్కోదానికి ఒక్కో పాయింటు తీసేయడం, అంతే.

కాబట్టి ముందు జీసీఎస్ బాగా చేతికి రానివ్వండి, ఐసీయూ పోస్టింగ్ వచ్చేలోపు ఫోర్ స్కోర్ నేర్చుకోండి. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే రిఫరల్ చిట్టీ మీద సాధారణంగా ఉండేది జీసీఎస్సే. పేషెంట్ మెరుగవుతున్నాడా, దిగజారుతున్నాడా తెలియాలంటే అదే కొలతతో పోల్చాలి. మొత్తం 10 అని ఒక్క అంకె రాసి వదలొద్దు, ఈ3 వి2 ఎం5 అని విడివిడిగా రాయండి. ఎం ఒక్క పాయింటు తగ్గినా వెంటనే మళ్లీ చూసి డాక్టర్‌కు చెప్పండి. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ మంచం దగ్గరే కలిసి ఒకసారి స్కోర్ చూడండి.